సైనైడ్ దిబ్బ దగ్గర సెల్ఫీ

2018లో ‘కేజీఎఫ్’ సినిమా వచ్చాక, కోలార్ బంగారు గనుల ఊరు కేజీఎఫ్ చూడవచ్చేవాళ్లకు సైనైడ్ దిబ్బే, అంటే బంగారం తీశాక మిగిలిన మట్టి గుట్టే, ఊరైపోయింది. కామసముద్రం మీదుగా వచ్చినా, బంగారుపేట మీదుగా వచ్చినా అదే వరస: కారు దిగడం, సెల్ఫీ తీసుకోవడం, ఎక్కడం. ఉరిగాం, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం కార్మికుల ఇళ్ల లైన్లలో కాస్త నడవరాదా అంటే, ‘అక్కడేముంది?’ అంటారు. నిజమే, ఏం మిగిలింది గనక! 1902లోనే కరెంటు చూసిన ఊరది. మూడు కిలోమీటర్ల లోతుకు మనుషుల్ని దించిన గనులు 2001లో మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడివాళ్లు ఎందరో తెల్లారకముందే బెంగళూరు రైలెక్కుతారు. లైన్లలోకి రాకపోవడానికి ‘పేదరికాన్ని వింతగా చూడకూడదు కదా’ అని కొందరి సుకుమారం. మెచ్చుకోవలసిందే. గాలి లేస్తే ఆ లైన్ల మీద పడేది ఈ దిబ్బ దుమ్మే. దాని ముందు నవ్వుతూ ఫొటో దిగడానికి మాత్రం ఆ మొహమాటం అడ్డు రాదు.