పైప్లేటు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

పాత డిమ్మరునకు పైప్లేటు మార్చినన్
వెలుగు మారునన్న వెర్రి గలదె
కొండకింది యూరి గోడలో నున్నట్టి
సొగసు పైది, లోని సుళువు వేఱు

అవతారిక: తిరుపతిలో ఒక గృహస్థు ఇంటికి కొత్తగా రంగులు వేయించాడు. హాలు గోడలు బూడిదరంగుకు మారాయి. డిమ్మరు మాత్రం పాత మీగడరంగులోనే ఉండిపోయింది, అదీ పచ్చబడి. అమెరికా నుంచి వీడియో కాల్లో చూసిన కొడుకు “పండ్లకు గార పట్టినట్టుంది నాయనా, మార్పించు” అన్నాడు. కబురందుకుని వచ్చిన కరెంటు పనాయన బోర్డును ఎగాదిగా చూసి, “పైదైతే మారస్తా. లోపలిది ముట్టాకండి సామీ, నడిచినన్ని దినాలు నడవనీ” అన్నాడు. ఆ మాటకే పద్యరూపం ఇది. మూలంలో లేనిది రాయనని కోలాచలం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అలాంటి నియమాలేవీ లేవు.

ప్రతిపదార్థం:

పాత = చెడిపోయినది అని అర్థం చెప్పరాదు. షాపువాడి నోట “ఆ మోడలు ఆగిపోయింది సార్” అనిపించుకున్నది అని చెప్పుకోవాలి. వయసుతో పనిలేదు.

డిమ్మరునకు = వెలుగును పెంచి తగ్గించే సాధనమునకు. షష్ఠి. వెనకటి డిమ్మర్లు వద్దన్న కరెంటును వేడి చేసి పారేసేవి. పాతకాలపు డబ్బా ఫ్యాను రెగ్యులేటరు చేతికి వెచ్చగా తగిలేది ఇందుకే. 1959లో న్యూయార్కులో జోయెల్ స్పైరా సెమీకండక్టరుతో గోడ పెట్టెలో ఇమిడే డిమ్మరు చేసి, 1961లో లూట్రాన్ కంపెనీ పెట్టాడు. ఆ పద్ధతిలో కరెంటును కోస్తారు. మన 50 హెర్ట్జ్ కరెంటులో సెకనుకు వంద అర్ధతరంగాలు వస్తాయి. ఒక్కొక్కదాని మొదట కొంత ముక్క తెగ్గోసి, మిగిలింది బల్బుకు వడ్డిస్తారు.

పైప్లేటు = వివాదగ్రస్తమైన పదం. మన మాడ్యులరు బోర్డులవాళ్లు ద్వైతులు: ప్లేటు వేరు, స్విచ్చు వేరు. అంచున ఉన్న సందులో స్క్రూడ్రైవరు మొన పెట్టి కాస్త ఎత్తితే ప్లేటు చేతిలోకి వస్తుంది, లోపలివాటికి ఆ సంగతే తెలియదు. అమెరికా ఇళ్లలోని పాత స్మార్టు డిమ్మర్లది విశిష్టాద్వైతం. గోడప్లేటు విడిగానే ఉన్నా, నొక్కే పలక, దాని చట్రం యంత్రాన్ని శరీరంలా అంటిపెట్టుకుని ఉంటాయి. రంగు మార్చాలంటే ఆ శరీరాన్నే మార్చాలి. లెవిటాన్ కంపెనీ ఇందుకోసం కిట్లు అమ్ముతుంది. తెలుపు, దంతపు రంగు, లేత బాదం రంగు అని వాటికి పేర్లు. తీగలు ముట్టకుండా, పలకను కొక్కేల నుంచి తప్పించి కొత్తది నొక్కాలి. కొక్కెం విరిగితే మాత్రం ఏ సిద్ధాంతమూ ఆదుకోదు.

మార్చినన్ = మార్చినంత మాత్రాన. ముందు మెయిన్ ఆపి అని అధ్యాహారం చేసుకోవాలి. కవి చెప్పకపోయినా టీకాకారుడు చెప్పి తీరాలి.

వెలుగు మారునన్న వెర్రి = పాత డిమ్మరుకు మామూలు ఎల్‌ఈడీ తగిలించి, అది మిణుకుమంటే నెపం ప్లేటు మీద వేసే వెర్రి. ఆ డిమ్మరును ఫిలమెంటు బల్బు కోసం చేశారు. డిమ్మరుకు పనికొచ్చే ఎల్‌ఈడీ అని డబ్బా మీద రాసి ఉన్నది కొనాలి.

గలదె = కాకువు. గలదనే అర్థం.

కొండకింది యూరి = తిరుపతి యొక్క. కొండమీద అనకపోవడం కవి చాకచక్యం. శ్రీవారి గర్భాలయంలో కరెంటు దీపమే లేదు, కనుక అక్కడ డిమ్మరు ప్రసక్తి రాదు. ఇక పైపూతకు ప్రమాణం అడిగేవారికి, శ్రీకృష్ణదేవరాయలు 1518లో 30,000 వరహాలతో ఆనందనిలయ విమానానికి బంగారుపూత పెట్టించిన శాసనం ఉంది. రెండింటినీ ఒకచోట తలవడం సాహసమే. చెంపలేసుకుని ముందుకు పోదాం.

గోడలో = ఇది కొడుకును ఉద్దేశించిన పదం. అక్కడి డిమ్మరును రంగు బాగుందని సూట్‌కేసులో పెట్టి తెచ్చినా మన గోడ ఒప్పదు. అది 120 వోల్టులకు చేసినది, ఇక్కడివి 230. ఇంతకీ స్విచ్చుల కోసం అంత దూరం పోనక్కరలేదు. 2007లో స్విచ్చుల కంపెనీ యాంకర్‌ను చేజిక్కించుకున్న పానాసోనిక్ ఇప్పుడు మన తిరుపతి జిల్లా శ్రీసిటీలోనే ఫ్యాక్టరీ నడుపుతోంది.

సొగసు పైది = సొగసు ప్లేటుది. ఎండ, వేడి తగిలి ప్లాస్టిక్కు పచ్చబడటం సహజం. తిరకాసు ఇంకోచోట ఉంది. ప్లేటు కొత్తది పడగానే మధ్యలో ఉన్న పాత మీటలు మరింత పాతగా కనిపిస్తాయి. అవీ మారిస్తే పక్క బోర్డు వెలవెలబోతుంది. ఈ లెక్కన చివరికి గృహప్రవేశం మళ్లీ చేయాలి.

లోని సుళువు వేఱు = లోపలి కిటుకు వేరొకచోట ఉంది. ఎక్కడ అంటే, స్మార్టు డిమ్మరుకు కొంత గోడలో, కొంత కంపెనీ సర్వర్లో. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్టు డిమ్మర్ల కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. ఫోను మాట వినడం మానేసిన డిమ్మర్లు గోడమీది వేలి మాట మాత్రం వింటూనే ఉన్నాయి. రెండు నెలలకు వాడకందారుల్లోనే కొందరు కలిసి ఆ కంపెనీని కొని మళ్లీ నడిపించారు. ఆ రెండు నెలలూ ప్లేటు ఏ రంగులో ఉందని అడిగినవాడు ఉండడు.

తాత్పర్యం: పనిచేసే డిమ్మరును రంగు కోసం పీకవద్దు, ప్లేటు దొరికితే ప్లేటు మార్చు, దొరక్కపోతే కొడుకుతో మాట్లాడేటప్పుడు ఫోను బోర్డు కనబడకుండా తిప్పి పట్టుకో.

పాఠాంతరం: “లోని సరుకు పాత” అని గాంధీరోడ్డు షాపుల ప్రతుల్లో కనబడుతుంది. ఆ పాఠం ఒప్పుకుంటే బోర్డు మొత్తం కొనాలి. అదృష్టవశాత్తు “సొ”కు “స”తో యతి చెల్లదు కనుక లాక్షణికులు కొట్టేశారు. బిల్లు చూసి గృహస్థు అంతకు ముందే కొట్టేశాడు.