గేరుఘోష పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది):

కొత్త కారు లోన కూత వేసెడి గేరు
కొన్న వాని చెవికె ఘోష తగులు
జాబుకార్డు మీద సహజమే యని వ్రాసి
తాళ మిచ్చి పంపు తట్టి వీపు

ప్రతిపదార్థం: కొత్త కారు లోన = వారంటీ గడువు తీరని బండిలో. చాలా కంపెనీలు ఇన్నేళ్లు లేదా ఇన్ని కిలోమీటర్లు, 'ఏది ముందయితే అది' అంటాయి గనుక, రోజంతా తిరిగే బండికి కొత్తదనం తొందరగా తీరుతుంది. కూత వేసెడి గేరు = మోత చేసే గేర్ బాక్సు; ఛందస్సులో చోటు చాలక బాక్సు లోపించింది. కొన్న వాని చెవికె = డబ్బు కట్టినవాడి చెవికి మాత్రమే; ఏకారం అవధారణార్థకం, సర్వీస్ అడ్వైజర్ చెవిని మినహాయిస్తుంది. ఘోష తగులు = రొద సోకును. జాబుకార్డు మీద = సర్వీసుకు వచ్చిన బండి ఫిర్యాదులు రాసుకునే కాగితం మీద. సహజమే యని వ్రాసి = 'నార్మల్' అని రాసి. వీపు తట్టి, తాళమిచ్చి పంపు = సాగనంపును.

అన్వయం: 'వ్రాసి', 'పంపు' అనే క్రియలకు కర్త లేడు. ఇది కవి ఏమరుపాటు కాదు. రాసిందెవరని అడిగితే అడ్వైజర్ టెక్నీషియన్‌ను చూపిస్తాడు, టెక్నీషియన్ సూపర్‌వైజర్‌ను చూపిస్తాడు, సూపర్‌వైజర్ భోజనానికి వెళ్లి ఉంటాడు. కర్తను అధ్యాహారం చేసుకోవలసిందే.

తాత్పర్యం: కొత్త బండి గేర్ బాక్సు మోత యజమానికి వినపడుతుంది, షోరూముకు వినపడదు.

విశేషాలు: 'సహజమే' అన్న మాటను పూర్తిగా కొట్టేయరాదు. మాన్యువల్ గేర్ బాక్సులో ముందుకు నడిపే గేర్ల పళ్లు ఏటవాలుగా ఉంటాయి. ఒక పన్ను పూర్తిగా వదలకముందే ఇంకొకటి అందుకుంటుంది, అందువల్ల చప్పుడు తక్కువ. రివర్సుకు చాలా బండ్లలో తిన్నని పళ్లే. వెనక్కి నడిపేటప్పుడు వచ్చే సన్నని కూత రోగం కాదు. సీవీటీ బండిలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇంజను ఒకే స్థాయిలో హోరెత్తడం కూడా జాతిలక్షణమే.

తక్కినవాటిని పరీక్షించాలి. బండిని న్యూట్రల్‌లో నిలిపి, ఇంజను ఆడుతుండగా క్లచ్ తొక్కాలి. తొక్కగానే గరగర ఆగితే అనుమానం ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ మీదికి పోతుంది. తొక్కినప్పుడే మొదలైతే క్లచ్ రిలీజ్ బేరింగ్ మీదికి. ఒక్క మూడో గేరులోనే ఈల వస్తే ఆ జత పళ్లను చూడాలి. అన్ని గేర్లలోనూ వేగంతో పాటు పెరిగి, యాక్సిలరేటర్ వదలగానే స్వరం మారితే డిఫరెన్షియల్ వైపు వెతకాలి. గేరు మార్చేటప్పుడు కర్రుమంటే సింక్రోనైజర్‌నో, సరిగా విడవని క్లచ్‌నో శంకించాలి. మలుపు తిరిగినప్పుడు హెచ్చుతగ్గులైతే అది వీల్ బేరింగ్. గేర్ బాక్సుకు ఆ పాపం అంటదు. సిమెంటు రోడ్డు మీద పెరిగి తారు రోడ్డు మీద తగ్గే మోత టైర్లది.

ఇవన్నీ ఇంటి దగ్గరే గమనించుకుంటే, జాబ్ కార్డులో 'సౌండ్ వస్తోంది' అనే పనికిమాలిన వాక్యానికి బదులు 'మూడో గేరు, 40-50 వేగం, యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఈల' అని రాయించవచ్చు. అదే మోడల్ డెమో బండిని అదే రోడ్డు మీద, టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నడిపితే 'సహజమే' సంగతి అక్కడే తేలిపోతుంది. బయటి మెకానిక్ చేత గేర్ బాక్సు విప్పించడం మాత్రం కూడదు. వారంటీ నిరాకరించడానికి అంతకు మించిన సాకు ఎవరికీ దొరకదు.

బండినే మార్చి ఇమ్మనేవారికి 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు కొంచెం చేదు: వారంటీ షరతు లోపమున్న భాగాన్ని మార్చమంటే భాగాన్నే మార్చాలి, బండిని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వివాదకారణం ఏర్పడిన రెండేళ్లలో ఫిర్యాదు చేయాలి. పరీక్ష చేయనిదే లోపం తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు. చెవికీ చెవికీ మధ్య తగవు తీర్చడానికి చట్టం చూపిన దారి అది.

పాఠాంతరం: 'సహజమే'కు బదులు 'లోపమే' అనే పాఠం ఉంది. వారంటీ తీరిన తరువాతి జాబ్ కార్డుల్లోనే, ఎస్టిమేటుతో సహా, ఇది కనిపిస్తుంది. గణాలు సరిపోతాయి గాని 'జా'కు 'లో'తో మైత్రి లేక యతి చెడింది. గడువులో ఉండగా అదే శబ్దానికి రాయించుకున్న పాత కార్డులు తేదీతో, కిలోమీటర్ల రీడింగుతో దగ్గరుంటే ఈ పాఠాన్ని ఖండించవచ్చు. లోపం వారంటీలోనే పుట్టిందనడానికి అవే ఆధారం.