కరివేపాక్కి పథ్యం

మా రోజుల్లో కరివేపాకు చెట్టుకి చలికాలం ఒకటుంటుందన్న సంగతే మాకు తెలీదు. ధనుర్మాసంలో తెనాలి మంచుకి మనుషులం మఫ్లర్లు చుట్టుకుని తిరిగినా, పెరట్లో బావి పక్కనున్న చెట్టు మాత్రం దాని మానాన అది ఉండేది. బియ్యం కడిగిన నీళ్లూ, పులిసిపోయిన మజ్జిగా దాని మొదట్లోనే పోసేవాళ్లం. ఇరుగమ్మా పొరుగమ్మా వచ్చి రెబ్బలు తుంచుకుపోయేవారు. చుట్టూ పిలకలు లేస్తే పీకి, అడిగినవాళ్లకి ఇచ్చేవాళ్లం. అంతే సేవ.

ఇప్పుడు షికాగో శివార్లలో మావాడింట్లో దాని వైభోగం చూడాలి. అక్టోబరు రాగానే తండ్రీ కూతుళ్లు కుండీని లోపలికి మోసుకొచ్చారు. అక్కడిదాకా సబబే. చలి 10 డిగ్రీల సెల్సియస్‌కి దిగిందంటే కరివేపాకు ఆకు రాల్చేస్తుంది, గడ్డకట్టే చలి తగిలితే ప్రాణానికే ముప్పు. ఆ తర్వాతి హంగామాతోనే నాకు పేచీ. నెత్తిన ఊదారంగు దీపం, పక్కన ఆవిరి చిమ్మే యంత్రం, మట్టిలో తేమ కొలిచే పుల్ల, వేళకి నీళ్లు పోయమని గంట కొట్టే యాప్. మా ఇంట్లో బాలింతరాలికి కూడా ఇన్ని ఉపచారాలు జరగలేదు.

డిసెంబరులో ఆకులు పసుపుబారి రాలడం మొదలెట్టాయి. "దానికి దాహంగా ఉన్నట్టుంది మావయ్యగారూ" అంటూ కోడలు పొద్దున ఓ చెంబుడు పోసింది. ఆ సంగతి తెలీక మావాడు సాయంత్రం ఇంకో చెంబుడు పోశాడు. బడినుంచి వచ్చిన మనవరాలు తన సీసాలో మిగిలినవి కూడా ఒంపేసింది. కుండీ కింద పళ్లెం నిండా నీళ్లే. మట్టిలోకి వేలు దించితే బురద, ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుగు కంపు.

"దాహం కాదమ్మాయ్, వేరు కుళ్లుతోంది" అన్నాను.

డిసెంబరులో మన వైపు పగలు 11 గంటలుంటే ఇక్కడ 9 గంటలే. ఆ ఎండలోనూ పస ఉండదు. వెలుతురు చాలక మొక్క ఎదగడం మానేస్తుంది, ఎదగనిది నీళ్లేం తాగుతుంది? తడి ఆరని మట్టిలో వేళ్లకి గాలాడదు. పైమట్టి రెండంగుళాలు ఎండాకే నీళ్లు పోయాలి, పళ్లెంలోకి దిగినవి పారబోయాలి. ఎరువు ఊసు వసంతందాకా ఎత్తకూడదు. ఆకులన్నీ రాలినా కంగారు పడక్కర్లేదు. కొమ్మ మీద గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

రెండో శత్రువు హీటరు. ఆ పొడిగాలికి ఎర్రనల్లి చేరుతుంది. ఆకు తిరగేస్తే దుమ్ములా చుక్కలు, సన్నటి బూజు కనిపిస్తాయి. మా పెరట్లో వానే కడిగేసేది. ఇక్కడ స్నానాలగదిలో పెట్టి ఆకుల అడుగున షవరు కొట్టాలి, తర్వాత సబ్బునీళ్లలో కాస్త వేపనూనె కలిపి చల్లాలి. దీపం మాత్రం ఉండనివ్వండి, ఎండ లేనిచోట అదైనా దిక్కు.

అసలు పెంచుకోవద్దని నేననను. ఇండియానుంచి రెబ్బ తెస్తే విమానాశ్రయంలో లాక్కుంటారు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుందట మరి! ఫ్లోరిడా, టెక్సాస్ లాంటి చోట్లనుంచి మొక్క తెప్పించుకోవడానికీ అందుకే ఆంక్షలు. అంత అపురూపమైనదాన్ని చలికి చావకుండా కాపాడి, నీళ్లు పోసి చంపుకుంటామంటేనే నా ఏడుపు.

మే నెల మధ్యలో మంచు భయం పోయాక నీడలో పెట్టి, మెల్లిగా ఎండకి అలవాటు చేస్తే అదే చిగురేస్తుంది. అందాకా దాని జోలికి పోకుండా ఉండటమే సగం వైద్యం. ఆ ముక్క ఏ యాపూ చెప్పదు. చెబితే దాన్ని మళ్లీ తెరిచేదెవరు?