కత్తెరుందా మాస్టారూ?

పోయిన శనివారం నుంచి ఒక మాట నా గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది. ‘సమయాభావం’.

ఆహ్వానపత్రికలో ‘రచయిత్రితో ముఖాముఖి’ అని అచ్చేశారు. పదకొండింటికి విశ్వవిద్యాలయం సెమినార్ హాల్లో. పది యాభైకే వెళ్లి కూర్చోవడం నా తప్పే. పన్నెండయ్యేసరికి వేదిక మీద తొమ్మిదిమంది, కింద పద్నాలుగుమంది. ఆ పద్నాలుగులో ఆరుగురు గైడుగారి భయానికి వచ్చిన పరిశోధక విద్యార్థులు. దీపం, ప్రార్థన, శాలువాలు... మీకు తెలియనివా!

కానీ ఆ పొట్లాల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పుస్తకాన్ని మెరుపు కాగితంలో చుట్టి దాచే ఆచారం ఎవరు మొదలెట్టారో! ఆహ్వానపత్రిక మీద అదే అట్ట, వెనక ఫ్లెక్సీ మీద మంచమంత అదే అట్ట. ఇంకా ఎవరి దగ్గర దాస్తున్నట్టు? పైగా చుట్టిన మహానుభావుడు బంగాళాఖాతంలో పడేసినా తడవనంత గట్టిగా చుట్టాడు. ముఖ్య అతిథి రిబ్బను లాగారు, ముడి ఇంకా బిగిసింది. సెలోటేపు కొస కోసం గోటితో తడిమారు. కళ్లజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. అధ్యక్షులవారు స్కూటరు తాళంచెవి అందించారు. ఫొటోగ్రాఫరు “సార్, నవ్వుతూ విప్పండి” అంటాడు. వేదిక మీంచి ఒకాయన వంగి, ముందు వరసలో ఉన్న నన్ను “కత్తెరుందా మాస్టారూ?” అని అడిగారు. సాహిత్య సభకు కత్తెరతో వస్తానా నేను? చివరికి డెబ్బై దాటిన విశ్రాంత ఆచార్యులొకరు తన పొట్లాన్ని పంటితో కొరికారు. కట్టుడు పళ్లట, అందుకే అంత ధైర్యం. కాగితం పర్రుమంది, దాంతోపాటు అట్ట మూలా చిరిగింది. మొత్తానికి తొమ్మిదిమందీ తొమ్మిది పుస్తకాలు గుండెలకు ఆనించి నిలబడ్డారు. అందులో రెండు తలకిందులు. చప్పట్లు.

మొదటి వక్త “పుస్తకం ఇప్పుడే చేతికందింది” అన్నారు. అది మాత్రం నిజం, మేమందరం సాక్షులం. రెండో ఆయన ముందుమాట చదివి వినిపించారు. ఆ ముందుమాట రాసింది ఆయనే.

విశ్వవిద్యాలయాల్లో పుస్తకాలది మామిడి కాపు. ప్రమోషన్ల ఇంటర్వ్యూల ముందు విరగకాస్తాయి. 2010లో యూజీసీ అధ్యాపకులకు పాయింట్ల లెక్క తెచ్చాక, లోపలి వంద పేజీలకన్నా వెనకట్ట మీది 13 అంకెల ఐఎస్‌బీఎన్‌కే విలువ. కట్టమంచి రామలింగారెడ్డిగారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకునే రోజుల్లోనే ‘ముసలమ్మ మరణం’ రాసి పోటీలో బహుమతి కొట్టారు. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు తొలి వైస్ ఛాన్సలరయ్యారు. నేటి లెక్కలో ఆ కావ్యానికి పాయింట్లు సున్నా. నంబరు లేదుగా!

ఒకటీ నలభైకి, పక్క గదిలోంచి సాంబారు వాసన మొదలయ్యాక, రచయిత్రికి మైకిచ్చారు. రోకటి పాటలు సేకరించిన చిన్న లెక్చరరమ్మ. కాగితం చూడకుండా మాట్లాడింది. “అమ్మమ్మను పాడమంటే ఒక్క పాటా గుర్తు రాలేదండీ. వట్టి చేతులతో ఎలా వస్తాయే అంది. పక్కింటి నుంచి రోకలి తెచ్చి చేతికిచ్చాను. అప్పుడు...”

అప్పుడు అధ్యక్షులవారి చీటీ వచ్చింది. ఆమె చూసుకుని, “సమయాభావం వల్ల ముగిస్తున్నాను” అని కూర్చుంది. నాలుగు నిమిషాలు.

నాకు ఒళ్లు మండింది. ఇంటికెళ్లే బస్సులో గాని ఆ మంట ఎవరి మీదో తేలలేదు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్ని సభలకు అధ్యక్షత వహించానో, అలాంటి చీటీలు ఎన్ని పంపానో. మధ్యలో ఆగిపోయిన ‘అప్పుడు’లు ఎన్నో. అందులో ఒక్కదాని తర్వాత ఏమైందో కూడా నేను అడగలేదు.

ఈసారి పుస్తకం తెచ్చుకున్నాను కాబట్టి తెలిసింది. 61వ పేజీలో ఉంది. రెండు పోట్లు పడగానే ముసలావిడ ఆపకుండా పదకొండు పాటలు పాడిందట.

ఆ రోజు బల్ల దగ్గర అమ్ముడైన ప్రతులు మూడు. ఒకటి నాది, ఒకటి ఫొటోగ్రాఫరుది. మూడోది రచయిత్రి వాళ్లమ్మగారు డబ్బిచ్చి కొన్నది.