కుడి బుగ్గ నాడిని

మెదడు అడుగు నుంచి పన్నెండు జతల నాడులు బయల్దేరతాయి. వాటిలో ఏడో జతలో కుడివైపు నాడిని నేను. డాక్టర్లు ఫేషియల్ నెర్వ్ అంటారు. నేనుండేది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లెలో, సన్నాయి వాయించే మనిషి తలలో.

సన్నాయి ఊపిరితో పలుకుతుందని అందరికీ తెలుసు. ఆ ఊపిరి పక్కకి జారిపోకుండా పట్టి ఉంచేవి రెండు కండరాలు. బుగ్గలో పలచగా పరుచుకున్న బక్సినేటర్ ఒకటి, పెదవుల చుట్టూ వలయంగా ఉండేది మరొకటి. కుడివైపున ఆ రెండూ నా మాట మీదే కదులుతాయి. ఎడమవైపు పని నా జంట నాడిది. ముహూర్తం వేళ గట్టిమేళం మోగుతున్నప్పుడు మేమిద్దరం సమానంగా బిగిస్తేనే స్వరం నిలబడుతుంది.

మొహమంతా నాదేనని చాలామంది అనుకుంటారు. కాదు. చెంప మీద ఈగ వాలితే తెలియడం, కత్తి గీసుకుంటే మండటం అయిదో నాడి సంగతి. నమలడం కూడా దాని పనే. పై రెప్పను ఎత్తేది మూడో నాడి, మూసేది నేను. నుదురు ముడవడం, ముక్కుపుటాలు అదరడం, నవ్వడం, మూతి ముడుచుకోవడం నావి. నాకూ అయిదో నాడికీ పనులు వేరని చార్లెస్ బెల్ 1821లో లండన్ రాయల్ సొసైటీకి రాసిన పత్రంలో చూపించాడు. మొహం వంకరపోయే జబ్బు గురించి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పర్షియా వైద్యుడు అల్ రాజీ రాశాడు. అయినా జబ్బుకు బెల్ పేరే నిలిచిపోయింది.

నా దారి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మెదడు కాండంలో పాన్స్ అనే భాగంలో పుట్టి, అక్కడే ఆరో నాడి కేంద్రాన్ని ఒక చుట్టు చుట్టి బయటికొస్తాను. వినికిడిని మోసే ఎనిమిదో నాడితో కలిసి చెవి ఎముకలోకి వెళ్తాను. అది తన దారిన లోపలి చెవికి పోతుంది. అక్కణ్ణించి నేను ఒంటరిగా మూడు సెంటీమీటర్ల ఎముక సొరంగంలో సాగాలి. ఇటలీకి చెందిన ఫాలోపియో దీన్ని 1561లో వర్ణించాడు కాబట్టి సొరంగానికి ఆయన పేరు పెట్టారు. మిగతా కపాల నాడుల్లో దేనికీ ఎముకలో ఇంత పొడుగు ప్రయాణం లేదు. మొదటి మలుపుకు ముందు, సొరంగం మొదట్లో దాని వెడల్పు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. బయటి దెబ్బల నుంచి నన్ను కాపాడేది ఆ ఎముకే. నాకు చేటు చేసిందీ అదే.

సొరంగంలో ఉండగానే కొమ్మలు విడిపోతాయి. ఒకటి కన్నీటి గ్రంథికి వెళ్తుంది. రెండోది మధ్య చెవిలో స్టేపీడియస్ అనే కండరానికి. ఒంట్లో ఎముకను పట్టి ఉండే కండరాలన్నిటిలోకీ చిన్నది అదే. పెద్ద శబ్దం వినిపించగానే స్టేపీస్ ఎముకను బిగించి, లోపలికి వెళ్లే హోరు తగ్గిస్తుంది. రోజంతా డోలు పక్కన కూర్చునే మనిషికి దాని విలువ ఎంతో ఆలోచించండి. మూడో కొమ్మ కార్డా టింపానీ. అది కర్ణభేరి లోపలి పక్కన మాలియస్, ఇంకస్ అనే బుల్లి ఎముకల మధ్య నుంచి నాలుకకు చేరుతుంది. నాలుక ముందరి మూడింట రెండు వంతుల రుచి దాని వెంటే వస్తుంది. దవడ కింద లాలాజలం ఊరించేదీ అదే.

చెవి కింద ఎముకలోంచి బయటపడి పరోటిడ్ గ్రంథిలో దూరతాను. ఆ గ్రంథిలో లాలాజలం ఊరించడం తొమ్మిదో నాడి పని. అందులోంచి నడవడమే నాది. కానీ అక్కడే అయిదు శాఖలుగా చీలతాను: నుదుటికి, కంటికి, బుగ్గకి, కింది దవడకి, మెడకి. అందుకే ఆ గ్రంథిలో గడ్డ తీసేటప్పుడు సర్జన్లు ముందుగా నన్ను వెతికి పట్టుకున్నాకే కత్తి కదుపుతారు.

పెళ్లిళ్లు జోరుగా ఉన్న రోజుల్లో, ఒక రాత్రి చెవి వెనక సన్నగా నొప్పి మొదలైంది. తెల్లారి ఆయన నోరు పుక్కిలిస్తే నీళ్లు కుడి పెదవి మూల నుంచి చొక్కా మీదకి కారిపోయాయి. భార్య చూసి, "ఏందయ్యా, మూతి అట్టా పక్కకి లాగింది?" అని చెంబు కింద పడేసింది. కుడి కన్ను మూయబోతే గుడ్డు పైకి తిరుగుతోంది తప్ప రెప్ప పడటం లేదు. టీ చప్పగా ఉంది. వీధిలో ఎవరో డోలు సరిచూసుకుంటుంటే ఆ చప్పుడు చెవిలో మేకులా దిగింది.

జరిగిందేమిటంటే నేను వాచాను. నోటి చుట్టూ పొక్కులు తెప్పించే హెర్పిస్ వైరస్ నా కణాల ముడిలో ఏళ్లకేళ్లు దాగి ఉండి మళ్లీ లేస్తుందని చాలామంది వైద్యుల అనుమానం. వాచిన వేలికి ఉంగరం బిగుసుకున్నట్టు ఎముక నన్ను నొక్కేసింది. నాకు నెత్తురు అందడం తగ్గింది. ఆజ్ఞలు అక్కడే ఆగిపోయాయి.

ఇంటికొచ్చిన వాళ్లు గాలి సోకిందన్నారు, పక్షవాతమన్నారు, పసరు పోసే ఊరి పేరు చెప్పారు. డోలు వాయించే ఆయన మాత్రం, "బావా, ముందు గుంటూరు పోదాం పద" అని బండి తీశాడు. ఆ మనిషికి నేను రుణపడి ఉన్నాను.

"నుదురు ముడవండి పెద్దాయనా" అంది డాక్టరమ్మ. కుడివైపు ఒక్క గీత కూడా పడలేదు. అసలు కిటుకు ఈ పరీక్షలోనే ఉంది. నుదుటికి ఆజ్ఞలు మెదడు రెండు సగాల నుంచీ వస్తాయి. అందుకని మెదడులో స్ట్రోక్ వస్తే సాధారణంగా మూతి వంకరపోయినా నుదురు ముడతపడుతుంది. నుదురు కూడా కదలకపోతే తప్పు ఎక్కువసార్లు నాలోనే ఉంటుంది. ఇది ఇంట్లో వాళ్లు తేల్చుకునే విషయం మాత్రం కాదు. చెయ్యి బరువెక్కినా మాట తడబడినా ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆమె చేతులు పట్టి చూసింది, మాట్లాడించింది, షుగర్ పరీక్ష చేయించింది. చెవిలో పొక్కులున్నాయేమోనని కూడా చూసింది. అవి ఉంటే అది రామ్సే హంట్ జబ్బు. ఆటలమ్మ (చికెన్‌పాక్స్) వైరస్ నన్ను పట్టుకున్నప్పుడు వచ్చేది, ఇంతకన్నా మొండిది.

ప్రెడ్నిసొలోన్ అనే మందు రాసింది. మొదటి 72 గంటల్లో మొదలుపెడితేనే దాని మేలు బాగా కనిపిస్తుంది. స్కాట్లాండ్‌లో ఈ మందు మీద జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. తొమ్మిది నెలలకు మందు తీసుకున్న వారిలో 94 శాతం మందికి మొహం పూర్తిగా తిరిగొచ్చింది, తీసుకోనివారిలో 82 శాతం మందికి. వదిలేసినా చాలామందికి నయమవుతుంది కాబట్టే పసరుకి పేరొస్తుంది. ఆ పసరు కోసం తిరిగిన రోజుల్లో మందు వేళ దాటిపోయినవారి మొహాలు తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

మందు కన్నా కన్ను గురించే ఆమె ఎక్కువసేపు చెప్పింది. మూతపడని కన్ను ఎండిపోతే నల్లగుడ్డు మీద పుండు పడి చూపుకే ముప్పు. పగలు చుక్కలు, రాత్రి లేపనం వేసి రెప్ప మూసి ప్లాస్టర్. భార్య ఒక్క రాత్రి కూడా మరిచిపోలేదు.

పైపొర మాత్రమే దెబ్బతిన్న పోగులు కొన్ని వారాల్లో తేరుకున్నాయి. చచ్చిపోయిన పోగులు మళ్లీ మొలిచాయి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున. ముందు రుచి తిరిగొచ్చింది. తర్వాత డోలు మామూలుగా వినిపించింది, రెప్ప పడింది. బుగ్గ అన్నిటికన్నా ఆలస్యమైంది. అన్నాళ్లూ సన్నాయి పెట్టెలోనే ఉంది. పెళ్లి బేరాలు వేరే మేళానికి వెళ్లిపోయాయి.

మొలిచిన పోగుల్లో కొన్ని దారి తప్పాయి. బుగ్గకి పోవలసినవి కొన్ని కంటికి చేరాయి. ఇప్పుడాయన ఊపిరి బిగించి ఊదితే కుడి కన్ను సగం మూతపడుతుంది. దీనికి బలమైన కసరత్తులు పనికిరావని ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది. రోజూ పొద్దున అద్దం ముందు కూర్చుని, సన్నాయి లేకుండానే బుగ్గను కొద్దికొద్దిగా నింపుతూ, కన్ను తెరిచి ఉంచడం సాధన చేస్తాడు. మధ్య స్థాయి స్వరాల్లో ఇప్పుడు కన్ను తెరుచుకునే ఉంటోంది. పై స్థాయికి వెళ్తే ఇంకా ముడుచుకుంటోంది. దాని మీదే ఇద్దరం పని చేస్తున్నాం.