ఈ వారం ఎన్ని లైన్లు?

సాఫ్ట్‌వేర్ మేనేజర్లకు అంకెలంటే అదొక భక్తి. టీం ఏం చేస్తోందో అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఎంత చేస్తోందో మాత్రం ఎక్సెల్ షీటులో కనపడాలి. అన్నిటికన్నా చవగ్గా దొరికే అంకె, రాసిన కోడ్‌లో ఎన్ని లైన్లున్నాయన్నది. లెక్కపెట్టడానికి చదవక్కర్లేదు కదా!

1982లో ఆపిల్ కంపెనీ లీసా కంప్యూటర్ తయారుచేస్తున్న రోజుల్లో ఈ భక్తి ముదిరింది. ప్రతి ఇంజినీరూ వారానికోసారి ఫారం నింపి, ఎన్ని లైన్లు రాశాడో చెప్పాలన్నారు. తెరమీద బొమ్మలు గీసే క్విక్‌డ్రా ప్రోగ్రాంను రాసిన బిల్ అట్కిన్సన్ ఆ టీంలోనే ఉన్నాడు. సరిగ్గా అప్పుడే క్విక్‌డ్రాలో ఒక భాగాన్ని తిరగరాశాడు. అది దాదాపు ఆరింతలు వేగం పుంజుకుంది, కోడ్ మాత్రం సుమారు 2000 లైన్లు తగ్గింది. లైన్ల గడి దగ్గర కాస్త ఆలోచించి, ‘మైనస్ 2000’ అని రాసిచ్చాడు. ఈ ముచ్చటను గ్రంథస్థం చేసింది ఆనాటి ఆపిల్ ఇంజినీరు ఆండీ హెర్ట్స్‌ఫెల్డ్. కొన్ని వారాలకు ఫారం నింపమని బిల్‌ను అడగడం మానేశారట. గమనించండి, మానేసింది ఆయన్ని అడగడం. ఫారం తప్పని ఒప్పుకున్నట్టు మాత్రం ఎక్కడా లేదు.

అప్పట్లో ఐబీఎంలో వెయ్యి లైన్లకు ‘కే-లాక్’ అని పేరు. ప్రాజెక్టు ఎంత పెద్దదో చెప్పాలన్నా, దానికి డబ్బు లెక్కగట్టాలన్నా కే-లాక్‌లే. వాళ్లతో కలిసి ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టం చేసిన మైక్రోసాఫ్ట్‌కు ఒళ్లు మండింది. ఇరవై వేల లైన్ల పనిని తెలివైనవాడు నాలుగు వేలలో తేల్చేస్తే మాకు డబ్బు తగ్గాలా అని 1996 నాటి ఒక డాక్యుమెంటరీలో మైక్రోసాఫ్ట్ ఉన్నతాధికారి స్టీవ్ బామర్ విరుచుకుపడ్డాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ అదే బామర్ ఏలుబడిలో, టీం మొత్తం బాగా పనిచేసినా కొందరిని అట్టడుగు ర్యాంకులో కూర్చోబెట్టే పద్ధతి నడిచింది. దాన్ని 2013 నవంబరులో గానీ వదల్లేదు.

పెళ్లి వంటవాడికి ఖర్చయిన నూనెను బట్టి కూలి ఇస్తామంటే చారులో కూడా నూనె తేలుతుంది. లైన్లకు జీతమిస్తే కోడ్‌కూ అదే గతి. పది లైన్ల పనికి నలభై పడతాయి. ఆ నలభైలో దాక్కున్న బగ్గులు వెతికేది మరొకడు, అతని ఫారంలో ఆ వారం సున్నా.

2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 44 బిలియన్ డాలర్లకు ట్విట్టర్‌ను కొనగానే, ఇటీవల రాసిన కోడ్‌ను కాగితాల మీద ప్రింటు తీసి తెమ్మని ఇంజినీర్లకు కబురొచ్చింది. కాసేపటికే, తీసిన కాగితాలను ముక్కలు చేయమని ఇంకో కబురు! పాపం, ప్రింటర్ ఒక్కటే ఆరోజు నికరంగా పనిచేసింది.

ఇప్పుడు అంకె మారింది, భక్తి మారలేదు. కొత్త కోడ్‌లో పావువంతుకు పైగా ఏఐ రాస్తోందని 2024 అక్టోబరులో గూగుల్ అధిపతి సుందర్ పిచాయ్ చెప్పారు. తమ దగ్గర 20 నుంచి 30 శాతం ఉండొచ్చని 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ అధిపతి, మన హైదరాబాదీ సత్య నాదెళ్ల అన్నారు. ఎంత రాసిందో చెప్పారు సరే, రాసినదాంట్లో ఎంత అక్కర్లేదో? లైన్లను ఉత్పత్తిగా కాక ఖర్చుగా చూడాలనీ, లెక్కల పుస్తకంలో వాటిని తప్పు పక్కన రాస్తున్నారనీ డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1988లోనే మొత్తుకున్నాడు. ఖర్చు పెరిగిందని పండగ చేసుకునే పరిశ్రమ ఇంకోటి ఉందా?

హైదరాబాద్‌లో అప్రైజల్ ఫారాలు తయారుచేసే మేనేజర్లకో మనవి. ఎన్ని లైన్లు రాశావన్న గడి కొట్టేసి, ఒక్కసారి ఆ కోడ్ తెరిచి చదవండి.