ఓ మరమ్మతూ, రేపు రా!

వెనకటికి మన ఊళ్లలో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి పడుకునేవారు. దెయ్యం వచ్చి, చదువుకుని, బుద్ధిగా వెనక్కి పోయేదట. ఆ మంత్రం పెంటగాన్ దొరలకు ఎవరు చెప్పారో గానీ, సైనిక స్థావరాల తలుపులన్నిటి మీదా రాసిపెట్టారు: 'ఓ మరమ్మతూ, రేపు రా!' దానికి వాళ్ల ముద్దుపేరు 'డిఫర్డ్ మెయింటెనెన్స్'. చెయ్యని పని అంటే తప్పవుతుంది. వాయిదా వేసిన పని అంటే పద్దవుతుంది.

2020 ఆర్థిక సంవత్సరానికి ఆ పద్దు కనీసం 13,700 కోట్ల డాలర్లని అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు చూసే జీఏఓ తేల్చింది. ఆ సొమ్ముకు ఫోర్డ్ తరగతి విమానవాహక నౌకలు ఓ పది వస్తాయి. వస్తే ఎంత వైభోగం! సీసా పగలగొట్టొచ్చు, బ్యాండు వాయించొచ్చు, ఫొటో దిగొచ్చు. కుళాయికి వాషరు మార్చామని ఏ సెనేటరు రిబ్బను కత్తిరిస్తాడు?

నిర్వహణకు కావలసినదాంట్లో 90 శాతమైనా ఇవ్వాలన్నది పెంటగాన్ పెట్టుకున్న లక్ష్యం. అంటే పదో వంతు కప్పును ముందే వానకు రాసిచ్చేశారన్నమాట! ఆ తొంభై కూడా అందని ఏళ్లున్నాయి.

జీఏఓ వాళ్లు పది స్థావరాల బ్యారక్‌లు చూసొచ్చి 2023లో నివేదిక ఇచ్చారు. బూజు గోడలు, పొంగే మురుగు, పనిచేయని అగ్నిమాపక వ్యవస్థలు, విరిగిన కిటికీలు. ఒకచోట ఖాళీ గదుల్లో ఎవరో బయటివాళ్లు కాపురమే పెట్టేశారు. ఆకాశంలో ఈగ ఎగిరినా పసిగట్టే సైన్యానికి పక్క గదిలో అన్నం వండుకునేవాడు కనిపించలేదు.

కాగితం మీద మాత్రం ఏ దిగులూ లేదు. భవనాల ఆరోగ్యానికి నూటికి ఇన్నని మార్కులు వేస్తారు. ఉండడానికి పనికిరాని వాటికీ 80 దాటి పడ్డాయి. పైన పటారం అందామంటే పైనా లేదు, పటారమంతా ఫైల్లోనే.

కొన్ని చోట్ల మురుగు ఎత్తడం, బూజు గోకడం సైనికుల మీదే పడింది. తోటివాడు గదిలో ఆత్మహత్య చేసుకుంటే, ఆ మరకలు కడగడం కూడా. ఇక్కడికొచ్చాక వెటకారానికి నోరు పెగల్లేదు.

దెయ్యానికి చదువొచ్చు కాబట్టి రేపు రమ్మంటే వెళ్లిపోయింది. నీటికి అక్షరమ్ముక్క రాదు. అది ఈ రాత్రే వచ్చి, పందొమ్మిదేళ్ల కుర్రాడి మంచం మీద కారుతుంది.